కన్నమ్మ టీచరు లైను పాఠం

పాయం కన్నమ్మ పద్దెనిమిదేళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేసింది. అన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆ ఉద్యోగం ఆమెది కాలేదు. ఏప్రిల్‌లో బడి మూసేటప్పుడు ఇక రావద్దనేవారు, జూన్‌లో తెరిచేటప్పుడు మళ్లీ రమ్మనేవారు. మధ్యలో ఆ నెలన్నర రోజులూ ఆమె టీచరు కాదు, అడవిలో బీడీల తునికాకు కోసే కూలి మనిషి. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో కాంట్రాక్టు మీద చదువు చెప్పేవాళ్లందరి బతుకూ ఇంతే. సర్కారు వాళ్లకు చాంతాడంత పేరు పెట్టింది. పేరు పెట్టి చేతులు దులుపుకుంది.

చండ్రుగొండ నుంచి అడవి వైపు వెళ్లే బస్సు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అక్కడ దిగి, మూడు కిలోమీటర్లు నడిస్తే ఆ బడి. ఆడపిల్లల హాస్టలూ అందులోనే. అక్కడి నుంచి ఇంకో రెండు కిలోమీటర్లు వాగు దాటి వెళితే కన్నమ్మ వాళ్ల గూడెం. పెనిమిటి జ్వరంతో పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో ఆమె, వాళ్ల నాన్న జంపయ్య. రోజూ పొద్దున గంజి తాగి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వాగు దాటి, బడి గేటు దగ్గర మళ్లీ సర్దుకుని, టీచరై లోపలికి వెళ్లేది.

ఆమె పాఠం చెప్పే తీరు మాత్రం ఏ ట్రైనింగులోనూ నేర్చుకున్నది కాదు.

ఆరో తరగతిలోకి ఏటా నలభై మంది కొత్త పిల్లలు వస్తారు. సగం మంది ఇళ్లల్లో కోయ, మిగతా వాళ్లలో చాలామంది ఇళ్లల్లో లంబాడీ. తెలుగే వాళ్లకు బళ్లో నేర్చుకున్న భాష, దాని నెత్తిన ఇంగ్లీషు. పాఠ్యపుస్తకం తెరిస్తే సముద్రం ఒడ్డున సెలవులు గడిపే పిల్లల కథ. కన్నమ్మ ఆ పుస్తకం మూసి కిటికీలో పెట్టేది. బోర్డు మీద నాలుగంటే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసేది. లైన్.

"ఈ మాట యాడన్న ఇన్నరా?" అని అడిగి, ఇక మాట్లాడేది కాదు. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. సుద్దముక్క చేతిలో తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. ఒక్కోసారి పావుగంట. కొత్త పిల్లలకు అదేం బడో అర్థమయ్యేది కాదు. చివరికి ఎవరో ఒకతి, ఈ మౌనం భరించలేక, చెయ్యెత్తేది.

"కరెంటు లైన్ టీచర్."

"ఆఁ. ఇంక?"

"రేషన్ షాపుకాడ లైన్."

"పొద్దుగాల బాత్రూములకాడ లైన్!"

క్లాసంతా గొల్లుమనేది. ఆ నవ్వుతో తలుపు తెరుచుకున్నట్టే. ఇక ఆగేవారు కాదు. నోట్‌బుక్కులో లైన్లుంటయి. ఫోన్ల లైన్ కలుస్తలేదు. మా ఊరి లైన్ల బస్సు లేదు. మా చేను కాడ ఫారెస్టు లైన్ ఉంది. పెద్ద తరగతుల పిల్లలెవరైనా కిటికీ పక్కన నక్కి ఉంటే "లైన్ కొట్టుడు!" అని అరిచి పారిపోయేవారు. కన్నమ్మ దాన్ని కూడా బోర్డు మీద రాసేది. "అది గూడ లైనే. కానీ దానికి మార్కులు రావు" అనేది.

అన్నీ రాశాక, ఇందులో కళ్లకు కనపడే లైన్లు ఏవి, కనపడనివి ఏవి అని అడిగేది. ఫారెస్టు లైను, అంటే అడవికీ చేలకూ మధ్య సర్కారు పెట్టిన హద్దు, దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తగవు పడేవారు. అక్కడ రాళ్లుంటాయని ఒకతి, రాళ్లు కూడా ఉండవని ఒకతి. ఒక ఏడు ఒక పిల్ల, "అది కనపడదు టీచర్, దాటినంక ఫారెస్టు సార్లు వస్తరు, అప్పుడు లైన్ అని తెలుస్తది" అంది. కన్నమ్మ ఆ మాటను ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో ఆ పిల్లతోనే చెప్పించింది. ఆ పూటంతా పట్టింది.

రెండో రోజు చప్పుడు పాఠం. లైన్ అన్న మాటలో మొదటి చప్పుడు తీసేసి, దాని జాగాలో ఇంకోటి పెట్టడం. చప్పట్లు కొడుతూ చెప్పాలి. ఫైన్, నైన్, మైన్, వైన్, షైన్. పిల్లలకు చిత్రమేమిటంటే, అందులో వాళ్లకు తెలియని మాట ఒక్కటీ లేదు. వైన్ అంటే రోడ్డు మీద వైన్స్ షాపు. మైన్ అంటే కొత్తగూడెం వైపు బొగ్గు బావి, అదే చప్పుడుకి 'నాది' అనే అర్థం కూడా ఉందని తెలిసి నోళ్లు తెరిచేవారు. ఫైన్ అంటే 'బాగుంది' అని పుస్తకంలో ఉంది గానీ, ఆ పిల్లలకు ఫైన్ అంటే ఫారెస్టు గార్డు రాసే జరిమానా. రెండూ నిజమేనని చెప్పడానికి కన్నమ్మకు కొంచెం కష్టంగా ఉండేది, అయినా చెప్పేది. ఆఖరికి సైన్ వచ్చేది. చప్పుడులో అదీ వీళ్ల చుట్టమే, రాతలో మాత్రం వేరే అవతారం. మధ్యలో 'జి' అనే అక్షరం పలక్కుండా కూర్చుంటుంది.

"అదెందుకు టీచర్ గట్ల ఊకె కూసుంది?"

"అది మీటింగుకొచ్చిన పెద్దమనిషి. మాట్లాడదు. కుర్చీ మాత్రం ఎయ్యాలె."

మూడో రోజు ప్రతి పిల్లా ఆ మాటతో తన ఇంటి సంగతి ఒకటి ఇంగ్లీషులో రాయాలి. మా నానమ్మ లైన్లో నిలబడింది, ఆమె కాలు ఫైన్‌గా లేదు. మా ఊరికి లైన్ వచ్చింది, కరెంటు రాలేదు. తప్పులు దిద్దాక కన్నమ్మ వాటిని తన పెద్ద నోట్‌బుక్కులో ఎక్కించుకునేది, పిల్ల పేరుతో, ఊరి పేరుతో, సంవత్సరంతో. లైన్ ఒక్కటే కాదు, వారానికో చిన్న మాట. పద్దెనిమిదేళ్లలో నోట్‌బుక్కు లావెక్కి, కుట్లు తెగి, గోనె దారంతో మళ్లీ కుట్టించుకుంది.

మొదటి పేజీలో వాక్యం ఆమెదే. ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక సారు లైన్ అంటే ఏమిటని అడిగాడు. గార్డులు మా నాయనను ఆపే జాగ అని చెప్పింది. ఆ సారు పగలబడి నవ్వి, లైన్ అంటే గీత అని వందసార్లు రాయించాడు. రాసింది. కానీ ఆ గీత దగ్గర తండ్రి రోజంతా నిలబడి, ఫైన్ రాయించుకుని, సైన్ చెయ్యమంటే వేలిముద్ర వేసి రావడం ఆమె కళ్లతో చూసింది. వందసార్లు రాసినా అది చెరగలేదు. టీచరయ్యాక ఆ ముక్కనే ఇంగ్లీషులో రాసి, కింద పాయం జంపయ్య అని తండ్రి పేరు పెట్టింది.

పోయిన జనవరిలో ఆర్డరు వచ్చింది. పిల్లలు తగ్గారని కొన్ని బళ్లు కలిపేస్తున్నారు, కాంట్రాక్టు ఇంగ్లీషు టీచర్లు పన్నెండు మందిలో వచ్చే ఏడాదికి ఏడుగురే ఉంటారు. ఎవరుండాలో జిల్లాలో ఒక కమిటీ తేలుస్తుంది. ప్రతి టీచరూ కమిటీ ముందు తాను సొంతంగా కనిపెట్టిన బోధనా పద్ధతి ఒకటి చేసి చూపాలి. తోటి టీచర్లు గుండెలు బాదుకున్నారు. కన్నమ్మ మాత్రం పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒక సర్కారు కాగితం చదివి సంతోషపడింది. సొంత పద్ధతట! ఆమె దగ్గర ఉన్నదే అది.

హెడ్మాస్టరు వెంకటకృష్ణ గారు ఆ బడికి వచ్చి రెండేళ్లు. మధిర దగ్గర మాగాణి ఉన్న కుటుంబం. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. గొంతు పెంచి మాట్లాడడు. పిల్లల అన్నంలో పురుగు కనబడితే తనే వెళ్లి బియ్యం మార్పించాడు. పర్మనెంటు టీచర్లను మేడం అంటాడు, కన్నమ్మను కన్నమ్మా అంటాడు, అంతే తేడా. అది తేడా అని ఆయనకు తోచి కూడా ఉండదు.

ఆర్డరు వచ్చిన వారానికి ఆయన వచ్చి కన్నమ్మ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పీరియడు మొత్తం కూర్చున్నాడు. అయ్యాక, "భలే చెప్పావమ్మా! నా సర్వీసులో ఇట్లాంటి క్లాసు చూడలేదు" అన్నాడు. ఆ వారమంతా కన్నమ్మ కాళ్లు నేల మీద లేవు. మెచ్చుకోలుకు మొహం వాచిన మనిషి, నిజమే మరి, ఎవరైనా అంతే.

తర్వాత సోమవారం ఆయనే పిలిచాడు.

"కన్నమ్మా, నీ నోట్‌బుక్ ఒకసారి ఇస్తావా? ఖమ్మంలో మావాడి దగ్గర నీట్‌గా టైపు చేయించి తెస్తాను. కమిటీ ముందు చేతిరాత ఏం బాగుంటుంది?"

"అవ్ సార్. రేపు తెస్త."

హాస్టల్లో వంట చేసే హేమ్లి ఈ మాట విని గరిటె పక్కన పడేసి వచ్చింది. లంబాడీ మనిషి, నోటి దురుసు. బళ్లో కన్నమ్మకు ఉన్న ఒక్క స్నేహం.

"ఇయ్యకు టీచరమ్మా. నా మాటిను."

"సారు అడిగినంక ఇయ్యనని ఎట్లంట హేమ్లీ?"

"గట్లయితే ఒక్కో పేజీ ఫోన్ల ఫోటో తీస్కొని ఇయ్యి."

"అడిగిన మనిషికి ఇచ్చుకుంట ఫోటోలు తీస్తరా? ఏమనుకుంటడు?"

"ఏమన్న అనుకోనియ్. నీకేంది?"

కన్నమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం ఉంది. వాళ్ల గూడెంలో వానలకు ముందు విత్తనాల పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనం ఆకుదొప్పలో తెచ్చి, అందరివీ ఒకచోట కుప్ప పోసి, కలిపి, మళ్లీ దొప్పలతో పంచుకుంటారు. ఎవరి గింజ ఎవరి చేలో మొలిచిందో ఎవరూ అడగరు. పండుగ కానప్పుడు కూడా, విత్తనం కావాలని ఇంటికొచ్చిన మనిషికి లేదనరు. ఇచ్చింది మళ్లీ అడగరు. గుర్తు పెట్టుకుని ఇవ్వడం అంతకంటే నామోషీ. కన్నమ్మకు తన నోట్‌బుక్కు విత్తనం లాంటిదే. సారు అడిగాడు. ఫోటో తీసి ఇస్తే, నిన్ను నమ్మడం లేదని మొహం మీద చెప్పినట్టే. అందుకే మంగళవారం పొద్దున ఆ నోట్‌బుక్కును కొత్త గుడ్డలో చుట్టి, వాగులో తడవకుండా నెత్తిన పెట్టుకుని తీసుకొచ్చి, రెండు చేతులతో ఇచ్చింది.

మన చదువుకున్న వాళ్లకు ఇది వెర్రిబాగుల పని. జిరాక్సు తీయకుండా పెళ్లి శుభలేఖ కూడా ఎవరికీ ఇవ్వని వాళ్లం మనం.

ఫిబ్రవరి పోయింది. మార్చిలో ఒకసారి, గుమ్మం దగ్గర నిలబడి, "సార్, నోట్‌బుక్కు..." అంది. "టైపు అవుతోందమ్మా" అన్నాడాయన. రెండోసారి అడగడానికి ఆమెకు నోరు రాలేదు. నోట్‌బుక్కు లేకపోతేనేం, పాఠమంతా నోట్లోనే ఉంది కదా అనుకుంది. అక్కడే మోసపోయింది.

ఏప్రిల్ మూడో వారంలో కమిటీ పిలిచింది. జిల్లా కేంద్రంలో ఏదో ఆఫీసు మేడ మీద గది. కన్నమ్మ తెల్లవారుజామునే లేచి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లింది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న మేడమే కమిటీకి పెద్ద. బల్ల చివర ఇంకో కుర్చీలో వెంకటకృష్ణ గారు. ఆయన్ను చూడగానే కన్నమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. మా సారే ఉన్నాడు కదా అనుకుంది.

బోర్డు మీద లైన్ అని రాసింది. అటువైపు తిరిగి మౌనంగా నిలబడింది. కమిటీలో ఒకాయన దగ్గాడు. కన్నమ్మ తిరిగి, పిల్లలు లేరు కాబట్టి పిల్లల మాటలు తనే చెబుతూ, కరెంటు లైన్ నుంచి ఫారెస్టు లైన్ దాకా వెళ్లి, చప్పట్లతో సైన్ దాకా వచ్చింది. బాగా చెప్పింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ ఆమె చెబుతున్నకొద్దీ మేడం మొహం ముడుచుకుపోతోంది. పక్కాయన బల్ల మీదున్న రంగుల అట్ట పుస్తకం తీసి, పేజీలు తిప్పుతూ, కన్నమ్మ మాట మాటకూ వేలు పెట్టి చూస్తున్నాడు.

"పాఠం బాగా చెప్పారమ్మా" అంది మేడం, నిదానంగా. "కానీ ఇది వెంకటకృష్ణ గారి పద్ధతి. ఈయన పుస్తకం మాకు పదిరోజుల కిందే వచ్చింది. మేము అడిగింది మీ సొంతది."

కన్నమ్మకు మొదట అర్థం కాలేదు. పుస్తకం ఆమె వైపు తిప్పారు. 'ఒక చిన్న మాట, ఎన్నో బాటలు' అని పేరు. వెనక అట్ట మీద శాలువా కప్పుకుని వెంకటకృష్ణ గారి ఫోటో.

"ఇది నాదే మేడం" అంది. "పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న. నోట్‌బుక్కు సార్‌కిచ్చిన, టైపు చేపిస్తనంటే."

మేడం ఆయన వైపు చూసింది. ఆయన ఏమీ కంగారుపడలేదు. అభిమానంగా నవ్వాడు కూడా.

"మా స్టాఫే మేడం. చాలా సిన్సియర్. ట్రయల్ మొత్తం ఈమె క్లాసులోనే చేయించాను. రోజూ చెప్పీ చెప్పీ తనదే అనిపించడం సహజం."

అబద్ధం అంత మెత్తగా ఉంటుందని కన్నమ్మకు నలభై మూడేళ్లకు తెలిసింది.

"నా నోట్‌బుక్కు ఏది సార్?"

"ఆ పాత కాగితాలా అమ్మా? టైపు చేసినవాడి దగ్గరే ఎక్కడో ఉంటాయి. కనుక్కుంటానులే."

"మీ దగ్గర ఇంకో కాపీ ఉందా అమ్మా? ఫోటోలైనా?" మేడం అడిగింది. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది.

"లేవు మేడం."

"ఎందుకు తీసుకోలేదు?"

దానికి కన్నమ్మ దగ్గర జవాబుంది, కోయలో. తెలుగులోకి తేవాలంటే గూడెం, వానలు, దొప్పలు అన్నీ తేవాలి. ఇంగ్లీషులోకి తేవాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి పాఠం తిప్పింది. పిల్లల పేర్లు లేవు, ఊళ్ల పేర్లు లేవు. తన నోట్‌బుక్కులోని మొదటి ముక్క మాత్రం ఉంది. ఒక రైతు లైన్ దగ్గర నిలబడ్డాడు. గార్డులు ఫైన్ రాశారు. సైన్ చెయ్యమన్నారు. ఆయన వేలిముద్ర వేశాడు.

"ఈ రైతు మా నాయన మేడం" అంది. "ఆయన పేరు పాయం జంపయ్య. నేను చూస్తుంటే జరిగింది."

వెంకటకృష్ణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కాయన అన్నాడు, "అడివి పక్క ఊళ్లల్లో రైతులందరికీ జరిగేదేగదమ్మా ఇది. మీ ఒక్కరికేనా?"

అందరికీ జరిగేది కాబట్టి ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి సారుది. ఈ లెక్క కన్నమ్మకు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అర్థమైంది. ఆ గదిలో తోచి ఉంటే అనేసేదే. తర్వాత వారం పదిరోజులు, కట్ట కట్టే ఒక్కో తునికాకు దగ్గరా ఆ మాట తనలో తను అంటూనే ఉంది.

మే నెలలో లిస్టు వచ్చింది. ఏడు పేర్లలో ఆమె పేరు లేదు. కమిటీ కాగితాల్లో ఆమె పేరు పక్కన 'అనుకరణ, సొంత పద్ధతి లేదు' అని రాశారట. హేమ్లి ఎవరి ద్వారానో కనుక్కుని, ఫోన్ చేసి చెప్పి, తనే ఏడ్చింది. "ఫోటోలు తియ్యమంటి గద టీచరమ్మా" అని ఒక్కసారి అంది, మళ్లీ అనలేదు.

జూన్‌లో గూడెంలో విత్తనాల పండుగ వచ్చింది. ఈ ఏడు బడికి వెళ్లాల్సిన పని లేదు కాబట్టి కన్నమ్మ రోజంతా ఉంది. జంపయ్యకు వినికిడి తగ్గింది గానీ బుర్ర గట్టిది. పండుగ నుంచి వచ్చాక వాకిట్లో కూర్చుని, బడికి ఎందుకు పోవడం లేదని కూతుర్ని కోయలో అడిగాడు. అప్పటిదాకా ఆమె చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెప్పింది. అడిగితే ఇచ్చానంది. మన పద్ధతే కదా నాయనా, ఏం తప్పు చేశాను అంది.

జంపయ్య పండుగలో తెచ్చుకున్న దొప్పను పక్కన పెట్టాడు.

"మన కాడ అడిగేటోడు గూడ దొప్పల తనది ఏసుకొనే వస్తడు" అన్నాడు. "ఆ సారు నీకు ఏం తెచ్చిండు?"

కన్నమ్మకు ఏడుపు ఆగలేదు. కమిటీ గదిలో రాని ఏడుపు, లిస్టు వచ్చిన రోజు రాని ఏడుపు, వాకిట్లో ఇరుగుపొరుగు చూస్తుండగా ఏడ్చింది. తన ఆచారమే తనను ముంచిందని ఇన్నాళ్లూ అనుకుంది. ఆచారం ముంచలేదు. సగం ఆచారం వదిలేసి, సగం పాటించింది. పెద్ద సారు, మెచ్చుకున్న సారు, ఆయన చేతిలో ఏమీ లేకపోవడం చూడనే లేదు. ఆ రోజు నుంచి ఆమెలో ఏదో బిగుసుకుపోయింది. పలకరిస్తే జవాబిచ్చేది, అంతకుమించి లేదు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం, చుట్టుదారిలో చప్టా మీదుగా వాగు దాటి వచ్చి, గుడిసె ముందు స్కూటీ ఆగింది. పాతికేళ్లు దాటిన అమ్మాయి, చెప్పుల నిండా బురద. బడికి కొత్తగా వచ్చిన పర్మనెంటు ఇంగ్లీషు టీచరు, పేరు శారద, కుసుమంచి వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. కన్నమ్మ జాగాలో వచ్చిన మనిషి.

"కన్నమ్మ మేడం మీరేనా?"

అన్నేళ్లలో మేడం అన్నది ఈ పిల్లే. కన్నమ్మ మంచం వాల్చింది. శారద కూర్చోలేదు. సంచిలోంచి రంగుల అట్ట పుస్తకం తీసింది. దాంతోపాటు తన చేతిరాతతో ఉన్న కాగితాలు కూడా తీసింది.

"మేడం, మాకు ఈ పుస్తకం చెప్పమని ఇచ్చారు. బోర్డు మీద లైన్ అని రాస్తే పిల్లలు టకటక జవాబులు అప్పజెప్తున్నరు. ఒక రైతు లైన్ దగ్గర నిలబడ్డాడు, ఒక రైతు లైన్ దగ్గర నిలబడ్డాడు. నలభై మందీ అదే. తమ ఇంటి సంగతి ఒక్కళ్లూ చెప్పట్లేదు. ఏడో తరగతి పిల్లలేమో, కన్నమ్మ టీచర్ చెప్పినప్పుడు గిట్ల ఉండకపోయేది అంటున్నరు. హేమ్లక్క దారి చెప్తే వచ్చిన."

కన్నమ్మ పుస్తకం అట్ట వైపు చూసి తల తిప్పుకుంది.

"మా పాత బళ్లో నేను పాస్ అనే మాటతో చేసేదాన్ని. బస్ పాస్, టెన్త్ పాస్, పాస్‌బుక్కు, టైంపాస్... పిల్లలు చెప్పినవన్నీ రాసి పెట్టిన. మీకు పనికొస్తయేమో, ఉంచుకోండి." కాగితాలు చాచింది. "మీరు ఎట్ల మొదలుపెట్టేవారో ఒక్కటి చెప్పండి మేడం. అంతే."

జంపయ్య అరుగు మీద తాడు పేనుతున్నాడు. చేతులు ఆపి ఆ కాగితాల వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు చూశాడు.

చెప్పడానికి ఎంతసేపు? మాట రాశాక ఊరుకోవాలమ్మా. వాళ్ల మొహాల్లోకి చూడొద్దు. చూస్తే జవాబు కోసం వెతుక్కుంటారు, చూడకపోతే తమ ఇల్లు గుర్తు తెచ్చుకుంటారు. పావుగంటైనా సరే, ఆగాలి. పుస్తకంలో ఆ ఒక్కటే లేదు, ఎందుకంటే ఆ ఒక్కటే ఆమె ఎక్కడా రాసుకోలేదు. అది నాలుక చివరిదాకా వచ్చింది.

"అంత పుస్తకంల ఉంటది మేడం" అంది కన్నమ్మ. "సార్‌నే అడుగున్రి."

"సార్‌ని అడిగిన. పుస్తకం చూడమన్నరు."

"అయితే నాకెరుక లేదు."

శారద కాగితాలు మంచం మీద పెట్టబోయి, కన్నమ్మ మొహం చూసి, మళ్లీ సంచిలో పెట్టుకుంది. నమస్కారం పెట్టి వెళ్లింది. జంపయ్య తల తిప్పుకుని తాడు పేనడం మొదలుపెట్టాడు.

స్కూటీ బురదలో రెండుసార్లు ఆగింది. వాగు దాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరమే. అడిగినవాళ్లను ఒట్టి చేతులతో పంపడం కన్నమ్మకు అదే మొదలు. సారుకు అడ్డు చెప్పలేని నోరు ఈ పిల్లకు అడ్డు చెప్పింది. ఇవ్వదగిన మనిషి ఆ పిల్ల ఒక్కతేనని తెలుస్తూనే ఉంది. రేపు పొద్దున ఆరో తరగతిలో నలభై మంది తమది కాని వాక్యం అప్పజెబుతారనీ తెలుస్తూనే ఉంది. స్కూటీ వాగు దాటేదాకా వాకిట్లో నిలబడి చూసింది. పిలవలేదు.